కంకర మడి మోడలింగ్: ఎక్సెల్ సరిపోతుందా, హైడ్రస్ దాకా వెళ్లాలా?

విభాగం: మురుగునీటి శుద్ధి » సహజ పద్ధతులు » కన్‌స్ట్రక్టెడ్ వెట్‌ల్యాండ్లు

పంచాయతీ_డ్రాయింగ్

నమస్తే అందరికీ. 1,500 జనాభా ఉన్న ఊరికి, మురుగుకాలువ చివర, నీళ్లు కంకర లోపలే అడ్డంగా పారే వెట్‌ల్యాండ్ డిజైన్ చేస్తున్నాను. వివరాలు ఇవి:

సెట్లింగ్ ట్యాంకు దాటాక రోజుకు 60 ఘనపు మీటర్లు. (జల జీవన్ మిషన్ ప్రకారం తలకు 55 లీటర్లు, అందులో 80 శాతం మురుగు అనుకుంటే 66 రావాలి. కొలిస్తే వచ్చింది 60.) బీఓడీ (నీళ్లలో కుళ్లే పదార్థాన్ని బ్యాక్టీరియా తినడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 140 మి.గ్రా., అమ్మోనియా నైట్రోజన్ 30, టీడీఎస్ (కరిగిన లవణాలు) 900. బయటికి వెళ్లే నీళ్లలో బీఓడీ 30 ఉండాలి. 20 మి.మీ. కంకర, నీటి లోతు అర మీటరు, ఖాళీల శాతం 40.

ప్లగ్ ఫ్లో సూత్రంలో కె విలువ (శుద్ధి వేగం) ఏడాదికి 25 మీటర్లు, సి-స్టార్ (బీఓడీ దిగగల కనిష్ఠం) 10 వేస్తే 1,640 చదరపు మీటర్లు వచ్చింది. మా దగ్గర నీళ్లు 30 డిగ్రీలు ఉంటాయి కాబట్టి 1.06 ఉష్ణోగ్రత గుణకం వేస్తే 916కి దిగుతోంది. దొరికిన స్థలం 20 మీటర్ల వెడల్పు, 115 మీటర్ల పొడవున్న పట్టీ. పై అధికారులు మాత్రం కంప్యూటర్ మోడల్ చేసి చూపించమంటున్నారు. హైడ్రస్ (నేల, కంకర లోపల నీటి కదలికను లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) కొనాలా? 916తో ముందుకు పోవచ్చా?

తూములెక్క

916 అనే అంకెను ముందు కొట్టేయండి.

ఆ 1.06 పాత ఫార్ములాల నుంచి మన థీసిస్‌లన్నిటిలోకీ పాకింది. అడ్డంగా పారే కంకర మడుల్లో బీఓడీకి ఉష్ణోగ్రత ప్రభావం దాదాపు లేదని, గుణకం 1కి దగ్గరగానే ఉంటుందని చాలా మడుల డేటా చూసి తేల్చారు. చల్లటి దేశాల మడులు చలికాలంలోనూ బీఓడీని ఇంచుమించు అంతే తీస్తాయి. 10 డిగ్రీల తేడాకి 1.06 వేస్తే కె 1.79 రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదల కాగితం మీదే, కంకరలో కాదు. నైట్రోజన్‌కి ఉష్ణోగ్రత గుణకం వేయడంలో అర్థం ఉంది, బీఓడీకి లేదు.

ఇక 1,640 సంగతి. ప్లగ్ ఫ్లో అంటే ఇన్‌లెట్ దగ్గర పడ్డ నీటిచుక్కలన్నీ ఒకే వరసలో నడిచి ఒకేసారి బయటపడతాయని ఊహ. నిజం మడిలో కొన్ని చుక్కలు రెండు రోజుల్లో బయటికి వస్తాయి, కొన్ని పదిహేను రోజులు తిరుగుతాయి. అందుకే వెట్‌ల్యాండ్ పరిశోధకులు కాడ్లెక్, వాలెస్ 2009లో పి-కె-సి-స్టార్ రూపాన్ని ముందుకు తెచ్చారు. మడిని వరసగా పెట్టిన 'పి' ట్యాంకులుగా చూస్తాం:

(బయటి గాఢత − సి-స్టార్) ÷ (లోపలి గాఢత − సి-స్టార్) = 1 ÷ (1 + కె ÷ (పి × క్యూ)) పై పి ఘాతం

క్యూ అంటే ఏడాదికి మీటర్లలో నీటి భారం, అంటే ప్రవాహాన్ని విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేది. మీ అంకెలే వేస్తే ఎడమవైపు 20 ÷ 130. విస్తీర్ణాలు ఇలా వస్తాయి:

పి = 1 అయితే 4,820 చ.మీ.
పి = 3 అయితే 2,280 చ.మీ.
ప్లగ్ ఫ్లో అయితే 1,640 చ.మీ.

కె మారలేదు, సి-స్టార్ మారలేదు, నీళ్లు ఎలా కలుస్తాయన్న ఊహ ఒక్కటే మారింది. అడ్డ మడికి పి = 3 పెట్టుకోవడం మామూలు. అది కూడా నీళ్లు వెడల్పంతా సమంగా పంచితేనే.

జమ్ముగడ్డి

తూములెక్క గారి 2,280కి నాదో సవరణ. ఈ మోడల్ ఇచ్చేది సగటు. 30 అనేది ఎప్పుడు శాంపిల్ తీసినా దాటకూడని హద్దు. సగటే 30 అయితే దాదాపు సగం శాంపిళ్లు ఫెయిల్. డిజైన్ సగటును 20కి పెట్టి అదే సూత్రం నడిపితే 3,550 చ.మీ. వస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2000 మాన్యువల్ మాత్రం 30 మి.గ్రా. కోసం చదరపు మీటరుకు రోజుకు 6 గ్రాముల బీఓడీ దాకా ఒప్పుకుంటుంది. మీ భారం రోజుకు 8.4 కిలోలు కాబట్టి ఆ లెక్కన 1,400 చాలు. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడతారన్నది మోడల్ చెప్పదు.

ఇంకోటి, 25 అనేది ప్రాథమిక శుద్ధి మాత్రమే జరిగిన నీటికి మధ్యస్థ విలువ. అంటే డేటా ఇచ్చిన మడుల్లో సగం అంతకంటే తక్కువే పనిచేశాయి.

పంచాయతీ_డ్రాయింగ్

ధన్యవాదాలు. ఒక సందేహం. సి-స్టార్ సున్నా పెడితే తప్పేంటి? శుద్ధి పూర్తయితే బీఓడీ సున్నాకి రావాలి కదా. సున్నా పెడితే పి = 3కి 1,760 చ.మీ. వస్తోంది. అలాగే హరిత ట్రిబ్యునల్ 10 మి.గ్రా. అడుగుతోందని విన్నాను. దానికి ఎంత మడి కావాలి?

తూములెక్క

సున్నాకి రాదండి. కుళ్లిన ఆకులు, చచ్చిన వేళ్లు, బ్యాక్టీరియా వదిలేవి, అన్నీ మడిలోనే పుడతాయి. ఎంత పెద్ద మడి కట్టినా ఆ అడుగు ఉంటుంది. సి-స్టార్ అంటే ఆ అడుగే.

రెండో ప్రశ్నకి జవాబు మీ ఎక్సెలే చెబుతుంది, నడిపి చూడండి. సి-స్టార్ 10, లక్ష్యం 10 పెడితే పైన సున్నా వస్తుంది, విస్తీర్ణం అనంతం. ఈ బలం ఉన్న నీటికి ఒక్క అడ్డ మడితో సగటు 10 సాధ్యం కాదు. 2017 అక్టోబరు కేంద్ర నోటిఫికేషన్ మెట్రోలకు, చాలా రాష్ట్ర రాజధానులకు 20, మిగతా చోట్ల 30 అంది. 2019 ఏప్రిల్ ట్రిబ్యునల్ ఆదేశం 10 అంది. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన మీ కన్సెంట్ పత్రంలో ఏది రాశారో చూసుకుని మొదలుపెట్టండి. 10 అయితే రెండు దశలు కావాలి. మొదటి మడి నుంచి 30–40తో వచ్చే నీటికి రెండో దశలో సి-స్టార్ 5 దగ్గరికి దిగుతుంది, కె కూడా మారుతుంది. రెండు దశలకీ ఒకే కె, ఒకే సి-స్టార్ పెట్టి లాగితే అది మోడల్ కాదు.

కిక్కిస

విస్తీర్ణం గురించి ఇంత చర్చ జరుగుతోంది, ఆకారం గురించి ఎవరూ మాట్లాడరేం? 20 × 115 పట్టీలో అసలు ప్రమాదం అది.

కంకర కొత్తగా ఉన్నప్పుడు నీళ్లు హాయిగా పారతాయి. ఏడాది తిరిగేసరికి ముందు భాగంలో బురద, జిగురు పేరుకుంటాయి. ఈపీఏ మాన్యువల్ సూచన: పొడవులో మొదటి 30 శాతానికి శుభ్రమైన కంకర వాహకతలో (నీళ్లను పారనిచ్చే సామర్థ్యంలో) 1 శాతం, మిగతా 70 శాతానికి 10 శాతం వేసి లెక్క కట్టాలి. శుభ్రమైన కంకరకి రోజుకు 1,00,000 మీటర్లు అనుకుందాం. (20–30 మి.మీ. కంకరకి వేసే అంకె ఇది. మీ 20 మి.మీ.కి కొంచెం తక్కువే ఉంటుంది.) అంటే ముందు భాగానికి 1,000, వెనక 10,000.

అడ్డుకోత 20 × 0.5 = 10 చ.మీ. డార్సీ సూత్రం ప్రకారం ముందు భాగంలో వాలు 60 ÷ (1,000 × 10) = 0.006. అది 34 మీటర్ల పొడవున 20 సెం.మీ. అవుతుంది. వెనక 80 మీటర్లకి మరో 5 సెం.మీ. మొత్తం 25 సెం.మీ. నీటిమట్టం తేడా. నీళ్ల పైన మీరు వదిలే పొడి కంకర 10 సెం.మీ. అయితే ఇన్‌లెట్ దగ్గర నీళ్లు పైకి తన్ని కంకర మీదుగా పారతాయి. దోమలు, వాసన, ఆపైన ఊళ్లో గొడవ.

ఇంకో లెక్క కూడా చూడండి. ఇన్‌లెట్ అడ్డుకోతకి చదరపు మీటరుకు రోజుకు 250 గ్రాముల బీఓడీ దాటొద్దని వాలెస్, నైట్ 2006లో సూచించారు. 8,400 ÷ 250 = 33.6 చ.మీ. అర మీటరు లోతుకి 67 మీటర్ల వెడల్పు. 2,280 చ.మీ. అయితే పొడవు 34 మీటర్లే. ఈ ఆకారంలో ముందు భాగపు మట్టం తేడా 2 సెం.మీ. కూడా ఉండదు. అంటే పట్టీని అడ్డంగా తిప్పుకోవాలి. 115 మీటర్ల పొడుగు వైపు నుంచే నీళ్లు పంచే పైపు వేసి, 20 మీటర్ల దారిలో పారించండి. పైపు పొడవు పెరుగుతుంది, మూడు నాలుగు మడులుగా విడగొట్టి ఒక్కోదానికీ వాల్వు పెట్టాలి. అయినా ఇదే మేలు. కాకపోతే 20 మీటర్ల దారిలో ఒక మూల నీళ్లు తేలిగ్గా దూసుకుపోయే అవకాశం ఎక్కువ, కాబట్టి అప్పుడు పి = 3 నమ్మకండి, 2తో కూడా చూడండి.

నీళ్లశాస్త్రం

మన ఎండలను మరిచారు. మే నెలలో మడి మీద రోజుకు 8 మి.మీ. ఆవిరైపోతే మీ నీటి భారం 26 మి.మీ.లో మూడో వంతు పోయినట్టే. బీఓడీ గాఢత అమాంతం పెరుగుతుంది. 30 ఎక్కడ, 45 ఎక్కడ!

తూములెక్క

అంత పెరగదు, లెక్క వేద్దాం. 2,280ని 760 చొప్పున మూడు ట్యాంకులు చేయండి. ఒక్కోదాంట్లో ఆవిరి రోజుకు 6.08 ఘ.మీ. కె × విస్తీర్ణం 52.05 ఘ.మీ. ప్రతి ట్యాంకుకీ సమీకరణం:

వచ్చే ప్రవాహం × వచ్చే గాఢత = పోయే ప్రవాహం × పోయే గాఢత + 52.05 × (పోయే గాఢత − 10)

ఆవిరితో బీఓడీ పోదు కాబట్టి దానికి పదం లేదు. మొదటి ట్యాంకు నుంచి 84.2, రెండో దాని నుంచి 50.7, మూడో దాని నుంచి 31.4. ఆవిరి లేకుండా 79.6, 47.3, 30.0. తేడా 1.4 మి.గ్రా. మాత్రమే. నీళ్లు తగ్గితే గాఢత పెరుగుతుంది నిజమే, కానీ మిగిలిన నీళ్లు మడిలో ఎక్కువసేపు ఉంటాయి, శుద్ధి పెరుగుతుంది. రెండూ దాదాపు సరిపోతాయి.

దెబ్బ తగిలేది ఉప్పుకి. బయటికి వచ్చేది 60 కాదు, 41.8 ఘ.మీ. టీడీఎస్ 900 కాస్తా 1,290 అవుతుంది. ఆ నీళ్లు పొలానికి ఇస్తామని ప్రాజెక్టు రిపోర్టులో రాసుంటే మే నెల అంకె విడిగా చూపించాలి, పరిమాణం 30 శాతం తగ్గుతుందని కూడా.

నీళ్లశాస్త్రం

ఒప్పుకున్నాను. మరి వాన? ఒక్కరోజు 100 మి.మీ. పడితే మడి మీదే 228 ఘ.మీ. చుట్టూ కట్ట లేకపోతే రోడ్డు నీళ్లు అదనం.

తూములెక్క

అది నిజమైన సమస్య. మడి ఖాళీల్లో పట్టే నీళ్లు 0.4 × 0.5 × 2,280 = 456 ఘ.మీ. అందులో సగం ఒక్కరోజులో కొత్త నీళ్లతో నెట్టబడతాయి. ఏడాది సగటుతో నడిచే సూత్రం దీన్ని చూపించదు. అదే మూడు ట్యాంకుల సమీకరణాన్ని కాలంతో కలిపి రాసి పైథాన్‌లో సాల్వ్-ఐవీపీతో (కాలంతో మారే సమీకరణాలను సాధించే ఫంక్షన్) రోజువారీ వాన, ఆవిరి డేటా ఇచ్చి నడిపితే వస్తుంది. నలభై లైన్ల కోడ్. అధికారులకు 'కంప్యూటర్ మోడల్' కావాలంటే ఇదే చూపించండి, గ్రాఫులు కూడా బాగుంటాయి.

మెష్_మావయ్య

హైడ్రస్ పేరు ఎత్తారు కాబట్టి వచ్చాను.

హైడ్రస్ వెట్‌ల్యాండ్ మాడ్యూల్‌లో రెండు జీవరసాయన మోడళ్లున్నాయి. సీడబ్ల్యూ2డీలో 12 పదార్థాలు, 9 ప్రక్రియలు. ఇది గాలి ఉన్న చోట, నైట్రేట్ ఉన్న చోట జరిగే పనులనే చూస్తుంది, కాబట్టి పై నుంచి విడతలవారీగా నీళ్లు వదిలే నిలువు మడులకు సరైనది. 2009లో వచ్చిన సీడబ్ల్యూఎం1లో 16 పదార్థాలు, 17 ప్రక్రియలు. గాలి అసలు లేని చోట పులియడం, మీథేన్, గంధకం కూడా ఉన్నాయి. మీది ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే అడ్డ మడి, కాబట్టి ఎంచుకుంటే రెండోది. భాస్వరం కావాలంటే మాత్రం అది సీడబ్ల్యూ2డీలోనే ఉంది.

కొనే ముందు తెలుసుకోవాల్సినవి:

బీఓడీతో నడవదు, సీఓడీ (రసాయనంతో కొలిచే మొత్తం ఆక్సిజన్ అవసరం) కావాలి. అదీ తేలిగ్గా కరిగి కుళ్లేది, నెమ్మదిగా కుళ్లేది, ఎప్పటికీ కుళ్లనిది అని విడగొట్టి ఇవ్వాలి. మీ దగ్గర ఉన్నది బీఓడీ ఒక్కటే. ఊహించి విడగొడితే బయట వచ్చే అంకె మీ ఊహ నుంచి వచ్చిందే.

బ్యాక్టీరియా ఎంత పెరిగినా కంకర వాహకత తగ్గదు. అంటే కిక్కిస గారు చెప్పిన పూడికని ఇది చూపించదు. దానికి బార్సిలోనా వాళ్లు కామ్‌సోల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కట్టిన బయో-పోర్ లాంటిది చూడాలి. కుళ్లని ఘనపదార్థాలు పేరుకునే కొద్దీ బ్యాక్టీరియా గుంపు ఇన్‌లెట్ నుంచి అవుట్‌లెట్ వైపు జరుగుతుందన్న వాళ్ల వాదన అందులోంచే వచ్చింది.

జీవక్రియల రేట్లు 10, 20 డిగ్రీలకు ఇచ్చినవి. మన 30–32కి సాగదీస్తున్నామని గుర్తుండాలి. అక్కడ నీళ్లలో ఆక్సిజన్ సంతృప్తత కూడా 20 డిగ్రీల్లో 9.1 ఉండేది 32లో 7.3కి దిగుతుంది. కొందరు రేట్లు మార్చి దీన్ని మరుస్తారు.

పంచాయతీ_డ్రాయింగ్

ఒక ట్రయల్ ఫైల్ చూశాను. మెటీరియల్ పట్టికలో కంకర లేదు, ఇసుక ఉంది. దాంతో నడిపితే నీళ్లు పైకి పొంగుతున్నాయి. ఇంకో రన్‌లో సగంలోనే ఆగిపోతోంది.

మెష్_మావయ్య

ఆ ఇసుక విలువలు నేలలవి: సంతృప్త తేమ 0.43, మిగులు తేమ 0.045, ఆల్ఫా సెంటీమీటరుకు 0.145, ఎన్ 2.68, వాహకత రోజుకు 712.8 సెం.మీ. అంటే సుమారు 7 మీటర్లు. మీ కంకరకి పూడిక లెక్కలో కూడా కనీసం 1,000 వేశారు కదా! పొంగక ఏం చేస్తుంది. కొత్త మెటీరియల్ చేర్చి వాహకతని మీరే ఇవ్వండి. పూర్తిగా నీళ్లు నిండిన భాగానికి ఆల్ఫా, ఎన్ పెద్దగా పట్టవు, పైనున్న పొడి పొరకే పట్టేది.

ఆగిపోవడానికి మామూలు కారణాలు. గంటల్లో కాలం పెట్టి వాహకత రోజుల్లో ఇవ్వడం. ముందు యూనిట్లు చూడండి, చాలా పోస్టులు అక్కడే తేలిపోతాయి. తర్వాత మెష్ (లెక్క కోసం మడిని విడగొట్టే గడుల వల): నీళ్లు దిగే చోట, పొడి-తడి అంచు దగ్గర సన్నగా చేయండి. పెక్లెట్, కూరాంట్ సంఖ్యల (గడి సైజు, కాలపు అడుగు సరిపోతున్నాయో చెప్పేవి) లబ్ధం 2 దాటకుండా చూసే ఆప్షన్ పెట్టండి, లేకపోతే గాఢతలు సున్నా కిందికి ఊగుతాయి. ముందు నీళ్లు మాత్రమే నడపండి, నీటి నిల్వ లెక్క తేలాక ట్రేసర్ (నీటి దారి తెలుసుకోవడానికి కలిపే గుర్తు పదార్థం), ఆ తర్వాతే బ్యాక్టీరియా. మొదటి రోజే 16 పదార్థాలూ పెట్టి కూర్చుంటే ఏది తప్పిందో తెలియదు.

బ్యాక్టీరియాకి మొదట ఏ విలువ ఇచ్చినా కొన్ని నెలల సిమ్యులేషన్ కాలం వదిలేయండి. జీవరాశి నిలకడకి వచ్చాకే ఫలితం చదవాలి. ఇరవై రోజుల రన్ చూసి 'అమ్మోనియా తగ్గట్లేదు' అనడం ఇక్కడ నెలకోసారి కనిపిస్తుంది, నైట్రిఫైయర్లు (అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా) పెరగడానికే టైం పట్టదా!

కిక్కిస

అమ్మోనియా గురించి హైడ్రస్ అక్కర్లేదు, వేళ్ల మీద లెక్క చాలు. 30 మి.గ్రా. × 60 ఘ.మీ. = రోజుకు 1.8 కిలోలు. గ్రాముకు 4.57 గ్రాముల ఆక్సిజన్, అంటే 8.2 కిలోలు. చదరపు మీటరుకు 3.6 గ్రాములు. బీఓడీకి ఇంకో 3.7 గ్రాములు ముందే క్యూలో ఉంది. నీళ్లు నిండిన మడిలోకి గాలి నుంచి, వేళ్ల నుంచి దిగే ఆక్సిజన్ కొద్ది గ్రాములే, అది మొదట బీఓడీకే పోతుంది. మెట్టతామర వేస్తే వేళ్లే ఆక్సిజన్ ఇస్తాయని బ్రోచర్లలో రాసేది ఈ లెక్కకి నిలవదు. అమ్మోనియా తగ్గాలంటే నిలువు మడి జోడించాలి. అప్పుడు సీడబ్ల్యూ2డీ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే నీళ్లు వదిలిన విడతకీ విడతకీ మధ్య గాలి ఎంత లోపలికి వెళ్తుందో ఎక్సెల్ చెప్పలేదు.

జమ్ముగడ్డి

కట్టిన తర్వాత మోడల్‌ని సరిచూసుకునే ఏర్పాటు ఇప్పుడే డ్రాయింగ్‌లో పెట్టండి. మడి పొడవులో మూడో వంతు, మూడింట రెండు వంతుల దగ్గర చిల్లుల పైపులు నిలువుగా పాతండి. లోపలి, బయటి శాంపిళ్లు మాత్రమే ఉంటే కె, పి రెండూ ఒకేసారి తేల్చలేరు. కె పెంచి పి తగ్గించినా అదే అంకె వస్తుంది. మధ్య శాంపిళ్లు ఉంటే వక్రం ఆకారం దొరుకుతుంది.

ట్రేసర్‌కి మామూలు ఉప్పు వద్దు. మీ నీళ్లలో టీడీఎస్ ఇప్పటికే 900. సగటున 300 పెరుగుదల కనిపించాలంటే 137 కిలోల ఉప్పు పోయాలి, అంత చిక్కటి నీళ్లు బరువెక్కి అడుగున పారతాయి. అప్పుడు మీరు కొలిచేది మడి అడుగు భాగాన్నే. లిథియం క్లోరైడ్ 1.4 కిలోలు చాలు, 456 ఘ.మీ.లో లీటరుకు అర మి.గ్రా. లిథియం వస్తుంది, ఫ్లేమ్ ఫొటోమీటర్ ఉన్న ల్యాబ్ కొలుస్తుంది. ముందు మీ నీళ్లలో సహజంగా ఎంతుందో కొలిచి తీసేయాలి. కాగితం మీద నిలిచే సమయం 7.6 రోజులు, దానికి మూడు రెట్లు, అంటే 23 రోజులు శాంపిళ్లు తీయాలి. మొదటి రెండు రోజులు నాలుగు గంటలకోసారి, అడ్డదారిలో వచ్చే నీళ్లు అప్పుడే దొరుకుతాయి.

తర్వాత సగటు సమయం వర్గాన్ని విస్తృతితో (ప్రామాణిక విచలనం వర్గంతో) భాగిస్తే ట్యాంకుల సంఖ్య. ఉదాహరణకి సగటు 6.1 రోజులు, ప్రామాణిక విచలనం 3.5 వస్తే 37.2 ÷ 12.25, దాదాపు 3. 6.1ని 7.6తో భాగిస్తే 0.8, అంటే మడిలో ఐదో వంతు నీళ్లు కదలని మూలలు. బీఓడీకి వాడే పి ఈ సంఖ్య కంటే తక్కువే పెట్టండి. తేలిగ్గా కుళ్లేది ముందే పోయి మొండిది మిగులుతుంది కాబట్టి వెనక భాగంలో కె పడిపోయినట్టు కనిపిస్తుంది. ట్రేసర్‌కి ఆ బాధ లేదు. అలాగే ఈ పరీక్ష మే నెలలో పెట్టకండి. చేస్తే ప్రతి శాంపిల్‌తో పాటు బయటి ప్రవాహం కూడా కొలవాలి, లేకపోతే లిథియం పోసిన దానికంటే ఎక్కువ బయటికి వచ్చినట్టు తేలుతుంది.

పంచాయతీ_డ్రాయింగ్

అయితే ఇలా మారుస్తున్నాను: పట్టీని అడ్డం తిప్పి నాలుగు మడులు, ఒక్కోటి సుమారు 28 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల దారి. అంతా కలిపి 2,240 చ.మీ. పి = 2తో, 3తో రెండు ఫలితాలూ రిపోర్టులో పెడతాను. రోజువారీ వాన, ఆవిరితో పైథాన్ మోడల్. హైడ్రస్ ఇప్పటికి లేదు. కన్సెంట్‌లో 30 అనే ఉంది.

కిక్కిస

బాగుంది. ఇన్‌లెట్ పైపు చుట్టూ మొదటి 2 మీటర్లు 40–80 మి.మీ. రాయి వేయండి, మోడల్‌లో ఆ 2 మీటర్లను శుద్ధి విస్తీర్ణంలో కలపకండి. అవుట్‌లెట్ చాంబర్‌లో తిప్పి మట్టం మార్చే మోచేయి పైపు పెట్టండి, పూడిక మొదలైతే మట్టం దించి కొంత కాలం గడుస్తుంది. నాలుగు మడుల్లో ఒకటి శుభ్రానికి మూసినప్పుడు మిగతా మూడింటి మీద నీటి భారం 36 మి.మీ. అవుతుంది. ఆ కేసు కూడా పి = 2తో నడిపి చూసి, వచ్చిన అంకె ఇక్కడ పెట్టండి.

పంచాయతీ_డ్రాయింగ్

రెండు మీటర్లు తీసేసి, మూడు మడులతో నడిపాను: విస్తీర్ణం 1,512, పి = 2కి బయటి బీఓడీ 47, పి = 3కి 43.

కిక్కిస

అందుకే ఆ మూసే పని వానాకాలంలో పెట్టుకోకుండా, ప్రవాహం తక్కువుండే నెలల్లో రెండు వారాల లోపు ముగించేలా ఆపరేషన్ మాన్యువల్‌లో రాయండి. లేదా ఐదో మడికి స్థలం అడగండి.